రౌటర్‌కి తగిలించిన గొంతు

ఫ్యాక్టరీలో ఎదురుపడితే అందరూ ఆయన్ని స్టోర్స్ మేనేజరుగారూ అనేవాళ్ళు. అటు తిరగ్గానే తాళాలాయన. నడుముకి వేలాడే గుత్తి చప్పుడు ముందొచ్చేది, మనిషి వెనకొచ్చేవాడు. ఆ చప్పుడు వినగానే, బోల్టు కోసం వచ్చిన మెకానిక్కుల్లో సగంమంది బోల్టు లేకుండానే ఎలాగోలా కానిచ్చేద్దాంలే అని వెనక్కి తిరిగిపోయేవాళ్ళు.

తాళాలాయనకి లోకంలో రెండే నమ్మకాలు. ఒక వస్తువు ఒక్క చోటే ఉండాలి. బయటికి వెళ్ళే మనిషి మెయిన్ ఆఫ్ చేసి వెళ్ళాలి. ఒకే రకం వాషరు రెండు అరల్లో కనిపించిందంటే చాలు, ఆయనకి పూనకం వచ్చేది. "ఇది ఇక్కడెందుకుంది? ఎవడి కోసం దాచారు?" అని షెడ్డు దద్దరిల్లేలా అరిచి, రెండో అర ఖాళీ చేయించేదాకా మంచినీళ్ళు కూడా ముట్టేవాడు కాదు. సాయంత్రం తాళం వేసేముందు గోడ మీది మెయిన్ స్విచ్ టకీమని దించేవాడు. లోపల ఎవరైనా ఉన్నారా అని అడగడం ఆ తర్వాత. ఓసారి పెయింటు డబ్బాల మధ్య ఇరుక్కుపోయిన గుమాస్తా చీకట్లోంచి "సార్, నేనున్నా!" అని కేకేస్తే, "ఉన్నవాడివి ముందే చెప్పొద్దూ?" అని అతన్నే తిట్టాడు మహానుభావుడు.

ఇలాంటి మనిషికి సరైన జోడీని దేవుడు ఇంట్లోనే పెట్టాడు. భార్య అనుకునేరు, కాదు. ఆవిడ పాపం నోట్లో నాలుక లేని మనిషి. జోడీ కుదిరింది మామగారితో. ఆయన బస్టాండులో మైకు ముందు కూర్చుని, రిటైరయ్యేదాకా బస్సుల్ని పిలిచిన మనిషి. కూతురి దగ్గరే ఉంటున్నారు. ఉద్యోగం అయిపోయింది గానీ మైకు మాత్రం ఆయన గొంతులోనే ఉండిపోయింది. ఏం చెప్పాలన్నా ముందు గొంతు సవరించుకుని "దయచేసి వినండి" అనాల్సిందే.

"దయచేసి వినండి. మన అల్లుడుగారు మళ్ళీ మెయిన్ ఆపి వెళ్ళిపోయారు. స్నానానికి లోపలికెళ్ళిన ప్రయాణికులు చన్నీళ్ళతో సరిపెట్టుకోవలసిందిగా కోరుతున్నాము."

వీధిలో నలుగురూ వినేలా సాగేది ఈ ప్రకటన. మనవరాలు పొట్ట పట్టుకుని నవ్వేది. కాలేజీకి వెళ్ళే పిల్ల, తండ్రి మీద తాతయ్య వేసే ప్రతి విసురూ దానికి పండగే. ఆఖరికి భార్య కూడా వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది. తాళాలాయనకి మాత్రం ఒళ్ళు మండిపోయేది.

పోనీ ఫ్యాక్టరీకి వెళ్తే తప్పించుకోవచ్చా అంటే, అదీ లేదు. మామగారు ఫోన్‌లో గొంతు రికార్డు చేసి పంపడం నేర్చుకున్నారు. మధ్యాహ్నం అన్నం తినే వేళకి టింగుమని ఒకటి వచ్చి పడేది. మొదటిది విన్నాడు తాళాలాయన. బాత్రూమ్ కుళాయి కారుతోందనీ, అల్లుడుగారి బాధ్యత కూడా దాంతోపాటే కారిపోతోందనీ అందులో ఉంది. పక్కన కూర్చున్న గుమాస్తా కూడా విన్నాడు. ఆ రోజు నుంచి తాళాలాయన మళ్ళీ ఒక్కటి తెరిస్తే ఒట్టు. "సాయంత్రం ఇంటికెళ్తే ఎలాగూ తిట్లు తినాలి, మధ్యాహ్నం నుంచే అడ్వాన్సు దేనికి?" అనేవాడు. అవి వస్తూ ఉండేవి, ఈయన వాటిని పెడచెవిన పెడుతూ ఉండేవాడు.

అంతలో మామగారి గొంతులో ఏదో పెరిగింది. డాక్టర్లు చూశారు, తీసేయాలన్నారు. మనిషికేం భయంలేదు, మాట మాత్రం ఉండదన్నారు. జీవితమంతా మాట మీదే బతికిన మనిషికి ఆ మాట ఎలా చెప్పారో ఆ డాక్టర్లకే తెలియాలి. ఇంట్లో అందరూ కుదేలైపోయారు. ఆపరేషన్‌కి ముందు కూతురూ మనవరాలూ కూర్చోబెట్టి ఆయన చేత మాట్లాడించారు. కొన్ని కూతురి ఫోన్‌లో, కొన్ని మనవరాలి పెన్ డ్రైవ్‌లో రికార్డు చేశారు. "దయచేసి వినండి. మా చిన్నితల్లి బస్సు వంటింటి నుంచి బయల్దేరుటకు సిద్ధముగా ఉన్నది" అని ఆయన అంటుంటే కూతురు నవ్వుతూ ఏడ్చింది. చిన్నితల్లి అంటే ఆవిడే. ఇంత వయసొచ్చినా, తలలో తెల్లవెంట్రుకలు కనిపిస్తున్నా, ఆయనకి ఆవిడ చిన్నితల్లే.

ఆపరేషన్ అయింది. ఇంటికొచ్చాక మామగారు ఓ పలక పట్టుకున్నారు, ఏం కావాలన్నా దాని మీద రాసేవారు. పొద్దున్నే రెండు చప్పట్లు కొట్టేవారు. ఆ చప్పుడికి కూతురు పరుగున నీళ్ళ గ్లాసు తెచ్చేది. ఆయన ఆ గ్లాసువంక ఓసారి చూసి, దాహం ఉన్నా లేకపోయినా తాగేసేవారు. మధ్యాహ్నమూ అంతే, సాయంత్రమూ అంతే. "నాన్నకి ఆపరేషన్ తర్వాత దాహం ఎక్కువైందండీ" అనేది ఆవిడ.

వంట చేసుకుంటూ ఆవిడ ఫోన్‌లో ఆ రికార్డులు పెట్టుకునేది. తాలింపు చిటపటల మధ్య "చిన్నితల్లీ" అని పిలుపు వినిపించేది. అది వింటే చాలు, ఆవిడకి ఆ రోజు గడిచిపోయేది. ఇంట్లో అన్నిటికన్నా విలువైనది ఏదంటే అదే. ఆ ముక్క తాళాలాయనకీ తెలుసు. తెలిసే చేశాడు చూడండి, అదే నా బాధ.

జరిగిందేమిటంటే, ఈయన తోడల్లుడి ఇంటికి వెళ్ళాడు. తోడల్లుడు సోఫాలో కాలు మీద కాలేసుకుని, టీవీలో తన పెళ్ళి ఫోటోలు చూపించాడు. వైరు లేదు, సీడీ లేదు.

"ఏం లేదన్నయ్యగారూ, రౌటర్‌కి ఓ హార్డ్ డిస్క్ తగిలించా. ఏ గదిలో కూర్చున్నా మా జీవితమంతా కనిపిస్తుంది" అన్నాడు.

"మాకూ ఉందిలే అలాంటిది" అన్నాడు తాళాలాయన. ఉత్తదే.

మర్నాడే వెళ్ళి దుకాణంలో ఉన్నవాటిలోకల్లా పెద్ద డిస్కు బేరం చేశాడు. తోడల్లుడి జీవితంలాంటివి పది పడతాయి అందులో. దుకాణదారు మంచివాడు, ఉన్నమాట చెప్పాడు. "సార్, ఇంత పెద్దదాన్ని రౌటర్ మోయలేదు. విడిగా కరెంటు ప్లగ్గు పెట్టే రకం తీసుకోండి."

"ఒక్క పనికి రెండు ప్లగ్గులెందుకయ్యా?" అన్నాడు తాళాలాయన, వాషర్లు రెండు అరల్లో కనిపించినప్పటి గొంతుతో. దుకాణదారు డిస్కు కవర్లో పెట్టి ఇచ్చేశాడు.

చెప్పుల స్టాండు మీద రౌటర్, దాని పక్కన డిస్కు, రెంటి మీదా దుమ్ము పడకుండా ఓ కుట్టుపని గుడ్డ. దీపం వెలిగింది. ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడ్డారు. డిస్కు కాసేపు గుయ్యిమంది, తర్వాత టిక్కుమంది, ఆరిపోయింది. మళ్ళీ వెలిగింది, మళ్ళీ టిక్కుమంది.

"నాన్నా, దానికి ఎక్కిళ్ళొస్తున్నాయి. కరెంటు చాలట్లేదు" అంది కాలేజీకి వెళ్ళే కూతురు.

"కొత్తది కదే, అలవాటు పడాలి" అన్నాడు. అదేదో కొత్త కోడలైనట్టు.

ఆ ఆదివారం ఇంట్లో స్టాకు సేకరణ జరిగింది. భోజనాల బల్ల మీద గుడ్డ పరిచి, పెన్ డ్రైవ్‌లు, కెమెరా కార్డులు, ఫోన్లు అన్నీ తెచ్చి పెట్టమన్నాడు. ఒక్కొక్కటీ డిస్కులోకి ఎక్కించడం, ఎక్కగానే ఇటువైపు తుడిచేయడం. మామగారిని కూడా ఫోన్ ఇమ్మన్నాడు. ఆయన ఫోన్ చొక్కా జేబులో పెట్టుకుని, జేబు మీద చెయ్యేసి, పలక మీద "నాది నా దగ్గరే ఉంటుంది" అని రాసి చూపించారు. పోనీలే, ఆ ఫోన్‌లో మాత్రం ఏముంటుంది అనుకున్నాడు అల్లుడుగారు. తన ఫోన్ జోలికి కూడా వెళ్ళలేదు, రౌటర్‌ని నడిపించేది దాంతోనే కాబట్టి.

భార్య ఫోన్ వంతు వచ్చేసరికి ఆవిడ వదల్లేదు. "ఏమండీ, నాన్నవి మాత్రం ఇందులోనూ ఉండనివ్వండి."

"అక్కడ ఉన్నాక ఇక్కడెందుకే?"

"నాన్న గొంతండీ అది."

"అందుకే కదా అంత భద్రంగా పెడుతున్నాను! నీ ఫోన్ ఎప్పుడో సింకులో పడేసుకుంటావు, అప్పుడు ఏడుస్తావు."

"నాన్నా, రెండో కాపీ ఉంచాలి. అందరూ ఉంచుతారు" అంది కూతురు.

"అందరూ ఉంచుతారు కాబట్టే అందరి ఇళ్ళూ చెత్తకుప్పల్లా ఉన్నాయి" అన్నాడు. ఆవిడ ఫోన్ తుడిచేశాడు. పెన్ డ్రైవ్ కూడా తుడిచేశాడు. తుడిచిన పెన్ డ్రైవ్‌లన్నీ ఓ డబ్బాలో పోసి, ఖాళీ అరను చూసుకున్నంత తృప్తిగా చూసుకున్నాడు.

ఇక మొదలైంది ఇంట్లో స్టోర్స్ రాజ్యం. ఫోటో చూడాలంటే ఆయన్నడగాలి. పాస్‌వర్డు ఆయనకొక్కడికే తెలుసు, అదీ వారానికోసారి మార్చి తనే మర్చిపోయేవాడు. ఆవిడ వంటింట్లో నాన్న రికార్డు పెట్టుకుంటే "చిన్ని..." అని ఆగిపోయేది. తెర మీద గుండ్రటి గీత తిరుగుతూ ఉండేది.

"ఏమండీ! నాన్న మళ్ళీ ఆగిపోయాడు!" అని పిండి చేతులతో పరిగెత్తుకొచ్చేది ఆవిడ.

ఈయన వెళ్ళి డిస్కు మీద రెండు తట్టేవాడు. అటు గదిలో కూర్చున్న మామగారు ఇదంతా చూస్తూ పలక మీద ఏదో రాసుకుని, ఎవరికీ చూపించకుండా తుడిచేసుకునేవారు.

ఇంత వైభవాన్ని తోడల్లుడికి చూపించకపోతే ఎలా? శని ఆదివారాలకి అందరూ బయల్దేరారు, మామగారితో సహా. పొద్దుటి నుంచి తాళాలాయన మామగారి రికార్డులన్నిటినీ ఒక్క ఫోల్డర్లోకి సర్దుతున్నాడు. సామాన్లు గుమ్మంలోకి వచ్చేసరికి కూడా పని సాగుతూనే ఉంది, డిస్కు దీపం గబగబా ఆరుతూ వెలుగుతోంది. ఆటోవాడు హారన్ కొట్టాడు. అందరూ బయటికొచ్చారు. అందరికన్నా వెనక వచ్చినది ఆయనే. తాళం చేతిలోకి తీసుకున్నాడు, ఎప్పట్లాగే చెయ్యి దానంతటదే గోడ మీదికి వెళ్ళింది. టకీమని మెయిన్ దించేశాడు.

తోడల్లుడింట్లో కాఫీలయ్యాయి. తాళాలాయన గొంతు సవరించుకుని, "మాది నీదానిలా కాదోయ్, ఊరవతల ఉన్నా తెరుచుకుంటుంది" అని ఫోన్ తీశాడు. పరికరం అందుబాటులో లేదంది ఫోన్. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అదే మాట.

తోడల్లుడు మెల్లగా అడిగాడు. "అన్నయ్యగారూ, కొంపదీసి మెయిన్ ఆపేసొచ్చారా?"

గదిలో ఒక్కసారిగా నవ్వులు. మామగారు గొంతులేని నవ్వు నవ్వారు, భుజాలు మాత్రం ఎగిరెగిరి పడ్డాయి. కూతురు మాత్రం నవ్వలేదు. "నాన్నా, పొద్దున సర్దుతున్నావే, అది పూర్తయిందా?" అంది. తాళాలాయన వినిపించుకోనట్టు బిస్కెట్ తీసుకున్నాడు.

ఇంటికొచ్చి మెయిన్ ఎత్తాడు. డిస్కు టిక్కుమంది. ఆగింది. మళ్ళీ టిక్కుమంది. ఫోన్‌లో ఓ ప్రశ్న వచ్చి నిలబడింది, ఈ డిస్కును చదవలేకపోతున్నాము, ఫార్మాట్ చేయమంటారా అని. ఏ కాగితమొచ్చినా వెంటనే సంతకం పెట్టి పంపేయడం ఆయనకి స్టోర్స్‌లో అలవాటు. పెండింగ్ అంటే పడదు. కూతురు చెప్పులు విప్పుకునేలోపు సరే అని నొక్కేశాడు. కాసేపటికి డిస్కు సిద్ధంగా ఉందనీ, మొత్తం ఖాళీగా ఉందనీ చూపించింది. తన ఉద్యోగ జీవితంలో అంత శుభ్రమైన అర ఆయన ఎన్నడూ చూడలేదు. ఓ క్షణం ముచ్చటపడ్డాడు కూడా. ఆ తర్వాత చెప్పుల స్టాండు పట్టుకుని అక్కడే కూలబడ్డాడు.

డిస్కును రిపేరు దుకాణానికి మోసుకెళ్ళారు తండ్రీ కూతురూ. దుకాణం నడిపే ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని అంతా విని, "సరే, రెండో కాపీ ఎక్కడుంది?" అని అడిగింది.

"నేను డూప్లికేట్లు ఉంచనండీ" అన్నాడాయన. ఎప్పుడూ రొమ్ము విరిచి చెప్పే మాటే, ఈసారి నేల చూస్తూ చెప్పాడు.

కొన్నాళ్ళు తంటాలు పడి ఆవిడ కొన్ని ఫోటోలు బయటికి లాగింది. సగం మొహాలు, సగం బూడిద రంగు. చెక్కుచెదరకుండా వచ్చినది తోడల్లుడు సోఫాలో కాలు మీద కాలేసుకున్న ఫోటో ఒక్కటే. రికార్డులు ఒక్కటి కూడా రాలేదు. కరెంటు చాలక చాలక లోపల భాగం దెబ్బతిన్నదనీ, తుడిచేసిన ఫోన్‌లోంచి కూడా ఇక ఏమీ రాదనీ చెప్పింది.

ఇంట్లో ఆ మాట చెప్పాలి కదా. చెప్పాడు. భార్య తిడుతుందని, పళ్ళెం విసిరేస్తుందని, పుట్టింటి చుట్టాలందరికీ చెప్పి పరువు తీస్తుందని అన్నిటికీ సిద్ధపడి మరీ చెప్పాడు. ఆవిడ అవేవీ చేయలేదు. చేతిలో గరిటె పక్కన పెట్టి, స్టవ్ ఆపి, "నన్ను ఆయన పిలిచేది ఇక అందులోనే కదండీ" అంది. అంతే. గోడవైపు తిరిగి నిలబడింది. ఆ వీపు చూసి తాళాలాయన నడుము గుత్తి తీసి బల్ల మీద పెట్టేశాడు. పెళ్ళయ్యాక ఇంట్లో ఆ గుత్తి లేకుండా ఆయన్ని చూడటం అదే మొదటిసారి.

మామగారి గదిలోకి వెళ్ళాడు. ఆయన కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నారు.

"మామయ్యగారూ... మీ గొంతు నేనే..." అంటూ మంచం అంచున కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

మామగారు కాసేపు ఏడవనిచ్చారు. తర్వాత చొక్కా జేబులోంచి ఫోన్ తీసి, తెరిచి, అల్లుడి చేతిలో పెట్టారు. తెర మీద ఆయన అల్లుడికి పంపిన గొంతు రికార్డులు, పైనుంచి కిందదాకా, వేలితో తోసినకొద్దీ వస్తూనే ఉన్నాయి. ప్రతిదాని పక్కనా చిన్న మైకు బొమ్మ. అవతలివాళ్ళు వింటే అది నీలంగా మారుతుంది. మొట్టమొదటిది తప్ప ఒక్కటి కూడా నీలంగా లేదు.

తాళాలాయన తలెత్తలేకపోయాడు. "తిట్లనుకున్నానండీ" అన్నాడు.

మామగారు పలక అందుకుని రాశారు. "తిట్లే. చివరిది తప్ప."

తాళాలాయన తన ఫోన్ తీశాడు. అన్నీ అందులోనే ఉన్నాయి. ఎక్కడా తుడవలేదు, సర్దలేదు, దాచలేదు, అసలు వాటిని వస్తువుల కింద లెక్కేయలేదు. చివరిది ఆపరేషన్ రోజు పొద్దున ఆసుపత్రి నుంచి వచ్చింది. నొక్కాడు.

"దయచేసి వినండి. అల్లుడుగారూ, కాసేపట్లో నన్ను లోపలికి తీసుకెళ్తారు. తర్వాత ఈ మైకు పనిచెయ్యదు. చిన్నితల్లికి ఓ మాట చెప్పాలి. ఎదురుగా చెప్తే ఏడుస్తుంది, అది ఏడిస్తే నేను లోపలికి నడవలేను. అందుకని మీకు పంపుతున్నా. భద్రంగా దాచడంలో మీ తర్వాతే ఎవరైనా. నేను బయటికొచ్చేలోపు దానికి వినిపించండి. చిన్నితల్లీ, రేపటి నుంచి నాన్న నిన్ను నోటితో పిలవలేడమ్మా. రెండు చప్పట్లు కొడతాను. ఒకటి చిన్ని, రెండోది తల్లి. అది నీ పేరే అనుకో. ఏ పనీ లేకపోయినా పిలుస్తాను, ఊరికే రా."

తాళాలాయన ఫోన్ ఒళ్ళో పెట్టుకుని అడిగాడు. "మరి ఇన్నాళ్ళూ పలక మీద రాసి చెప్పలేదేంటండీ?"

మామగారు రాశారు. "రాసి చెబితే పిలుపు అవుతుందా? ఎప్పటికైనా మీరు వింటారని చూశాను."

ఇక తాళాలాయన ఆగలేదు. వంటింట్లోకి పరిగెత్తాడు. "ఒసేయ్, ఇది విను. ముందే వినిపించాల్సింది, నేను వెధవని" అంటూ ఫోన్ ఆవిడ చెవి దగ్గర పెట్టాడు. కూతురు కూడా వచ్చి నిలబడింది. రికార్డు అయిపోయింది. ముందుగా తేరుకున్నది ఆయనే. కూతురి చేతిలో ఫోన్ పెట్టి, "దీన్ని నీ ఫోన్లోకీ, అమ్మ ఫోన్లోకీ, పెన్ డ్రైవ్‌లన్నిట్లోకీ ఎక్కించు. బాబాయికి కూడా పంపు. ఎన్ని చోట్ల పెట్టగలిగితే అన్ని చోట్లా పెట్టు" అన్నాడు.

అప్పుడు పక్క గదిలోంచి రెండు చప్పట్లు వినిపించాయి.

ఆవిడ చెయ్యి అలవాటుగా గ్లాసు మీదికి వెళ్ళింది. మధ్యలోనే ఆగిపోయింది. గ్లాసు అక్కడే వదిలేసి, కళ్ళు తుడుచుకోకుండానే, "వస్తున్నా నాన్నా" అంటూ వెళ్ళింది.